వంకవైపు పట్టా

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న చాపాడు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఫలానా ఆమెకు దయ్యం పట్టిందని ఎవరైనా వస్తే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనేవాడు. ఆ పెంపకం నాది. చచ్చిపోయినవాళ్లంటే నాకు భయం లేదు. కానీ చచ్చిపోయిన ఒక మనిషి మీద కుళ్లు మాత్రం ఉండేది. ఇప్పుడూ ఉంది. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను?

ఆమె పేరు పుల్లమ్మ. మా ఆయన మొదటి భార్య. నేను ఆమెను చూడలేదు. నా పెళ్లికి రెండేళ్ల ముందే విషజ్వరం వచ్చి పోయింది. పిల్లలు లేరు. మా నాన్న పోయిన తర్వాత నా గురించి ఆలోచించేవాళ్లు లేక, మా మేనమామలు నన్ను ఆ రెండో సంబంధానికి ఇచ్చారు. పిల్లవాడు కట్టెల రైలులో పని చేస్తాడు, బుద్ధిమంతుడు అన్నారు. అది అబద్ధం కాదు.

ఆ రైలు గురించి ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరు. రైలంటే ఇంజనూ పొగా ఊహించుకోవద్దు. వేంపల్లె కొండల్లో కొట్టిన మానును కిందికి దించడానికి వేసిన సన్న పట్టాల దారి అది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కొండ కింద ఒక ఆసామి కట్టెల ఫ్యాక్టరీ పెట్టాడు. కోత మిషను, పక్కనే వడ్రంగం పని. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సాలెవాళ్లకు మగ్గం సామాను, రైతులకు బండి చక్రాలు, నాగళ్లు అక్కడే తయారయ్యేవి. పులివెందుల దిక్కున మూతపడిన ఒక గనిలో రాయి మోసిన పాత పట్టాలు, నాలుగు ట్రాలీలు కొనుక్కొచ్చి ఆయనే ఆ దారి వేయించాడు. మా వైపు జనం దానికి కట్టెల రైలని పేరు పెట్టారు. కొత్తలో పల్లెల నుంచి బండ్లు కట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లట.

పైన మాను కొట్టే చోటును కూపు అనేవాళ్లు. కూపు నుంచి మైలుకు కొంచెం తక్కువ దూరం జారుడు. మానులు ఎక్కించిన ట్రాలీ దాని బరువుకు అదే దిగేది. మా ఆయన దాని వెనక నిలబడి బ్రేకు కొయ్య తొక్కేవాడు. జారుడు దిగిన చోట బండ్ల బాట పట్టాలను దాటుతుంది. అక్కడే మా గుడిసె. అక్కడి నుంచి ఫ్యాక్టరీ దాకా నేల సమంగా ఉంటుంది కాబట్టి ఎద్దులు లాగేవి.

మధ్యలో కొండ మలుపు ఉండటంతో పైవాళ్లకు బాట కనపడదు. ట్రాలీ వేగం అందుకుంటే బ్రేకు కొయ్యకు నిలవదు. అందుకని ఒక పద్ధతి ఉండేది. మా ఆయన పైన పట్టా మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించేవాడు. కింద బాట దగ్గర ఉన్న మనిషి అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే తిరిగి మూడు దెబ్బలు కొట్టాలి. బండో గొర్రెల మందో ఉంటే ఒకటే దెబ్బ. ఒక దెబ్బకు పైన చక్రానికి పెట్టిన అడ్డుకొయ్య తీయకూడదు. అంతే. ఇనుములో శబ్దం ఎంత దూరం పోతుందో చెవి పెట్టి వింటేగానీ తెలియదు.

ఆ కింద నిలబడి కొట్టే పని పుల్లమ్మది. ఆమె తర్వాత కొంతకాలం మా అత్త చేసింది. నేను కాపురానికి వచ్చిన వారానికి సుత్తి నా చేతికి వచ్చింది.

సుత్తి కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. రెండో భార్యగా పోయే ఆడదాని మెడలో, చనిపోయిన మొదటామె పేరు మీద ఒక చిన్న బిళ్ల కూడా కడతారు. సవతి బిళ్ల అంటారు. ఆమె ఆత్మ శాంతించి కొత్తామె జోలికి రాకుండా ఉండటానికట. నాకు తాళి కట్టిన రోజే మా అత్త ఆ బిళ్లను నల్లదారానికి గుచ్చి కట్టింది. అటు తాళి, ఇటు ఆమె. పడుకున్నా లేచినా నా గుండె మీద ఆమె. సవతి మట్టిబొమ్మయినా ఓర్వలేరని ఊరికే అనలేదు.

మా అత్త మంచి మనిషే. కానీ నోరు తెరిస్తే పుల్లమ్మే. పుల్లమ్మ సంగటి కెలికితే ఉండ కట్టేది కాదు. పుల్లమ్మ పిలిస్తే ఎద్దు తల తిప్పేది. చచ్చినవాని కండ్లు చారెడేసి అంటారు కదా, ఆ రెండేళ్లలో పుల్లమ్మ కండ్లు చేటలంత అయ్యాయి. నేను ఆ మాటలన్నీ మింగి ఊరుకునేదాన్ని. మా ఆయన మాత్రం ఆమె పేరు ఎత్తేవాడు కాదు. అదే నాకు ఇంకా మంట. పేరు ఎత్తనివాడి మనసులో ఏముందో ఎట్లా తెలుస్తుంది?

పుల్లమ్మది ఎడమచేతి వాటం. కొండకు ఎదురుగా నిలబడితే మా గుడిసె కుడి పక్క, కొండ నీళ్లు పారే వంక ఎడమ పక్క. ఆమె వంకవైపు పట్టా మీద కొట్టేది. అదే చోట ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ పట్టా పక్కన సొట్ట పడింది. నేను మొదటి రోజే దానికి ఎదురుగా, గుడిసెవైపు పట్టా మీద కొట్టాను. కుడిచేతికి అదే వీలు అని చెప్పాను. వీలు సంగతి పక్కన పెడితే, ఆమె సొట్టలో నేను కొట్టదలచుకోలేదు.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేదని పైన కూపులో మానులు ఎక్కించే మస్తాన్ మామ చెప్పాడు. ఆగమని ఒక దెబ్బ కొట్టిన తర్వాత, సుత్తిని పట్టా మీద నుంచి తీయకుండా జానెడు మేర గీకేదట. ఆ గీకుడు పైకి జుయ్యిమని పాకేదట. దెబ్బ పొరపాటున పడింది కాదు, ఇది నిజంగా ఆగమనడమే అని తెలియడానికి. ఆమె కనిపెట్టిన పద్ధతి. ఆ మాట విన్న తర్వాత నేను ఒక్కసారీ గీకలేదు.

ఆమె వాడిన సుత్తిని కూడా నేను ఎక్కువ కాలం ఉంచలేదు. పిడి ఆమె చేతికి అరిగి, నా అరచేతికి ఆనేది కాదు. ఒకరోజు వంకలోకి విసిరేసి, పోయిందని చెప్పాను. మస్తాన్ మామ కొత్తదానికి చండ్ర కొయ్యతో పిడి వేసి ఇచ్చాడు.

“పచ్చి కొయ్య అమ్మీ. నాలుగు దినాలు నీడలో ఆరనీ. యిప్పుడే కొడితే వదులయితాది” అన్నాడు. నేను వినలేదు. ఆ సాయంత్రమే వాడాను.

మా ఆయన ఏమీ అనలేదు. ఆ మనిషికి అనడం రాదు. కానీ నాకు ఒక్క మాట కావాలి. నా దెబ్బ బాగుందని, నేను కొడితే ధైర్యంగా అడ్డుకొయ్య తీస్తానని, ఏదో ఒకటి. హైదరాబాదు రాజధాని అయిన ఐదారేళ్లకు వచ్చిన ఎండాకాలంలో, ఒక మాపటేళ సంగటి పెడుతూ నేనే అడిగాను.

“నా దెబ్బ ఎట్లుంటాది నీకు?”

“బాగనే ఉంటాది. దెబ్బ దెబ్బే గదా.”

“మరి ఆమెది?”

ఆయన చేయి ముద్ద దగ్గర ఆగింది.

“ఆమెది వింటాంటే, యాడ నిలబన్న్యాదో, ఎండకు తలమీద కొంగు కప్పుకున్న్యాదో ల్యాదో అది గూడా తెలిసిపోతాండె.”

అరికాలి మంట నెత్తికెక్కిందంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. అడిగితే నిజం చెప్పాడు. అబద్ధం చెప్పి ఉంటే నేను సుఖంగా నిద్రపోయేదాన్ని.

మర్నాడు పొద్దున మా అత్త వేంపల్లెకు పోయింది. నేను బావి దగ్గర స్నానం చేసి వచ్చి, మెడలోని నల్లదారం తెంపి, ఆ బిళ్లను పట్టాల పక్కన ఒక రాయి కింద పెట్టాను. నీ చోటు ఇదే, ఇక్కడే పడి ఉండు అని పైకే అన్నాను. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడలేదు.

ఎండ బాగా ఎక్కిన తర్వాత పైనుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

నాకు ఒక పాడు బుద్ధి పుట్టింది. ఆమె ఎట్లా కొట్టేదో మా అత్త నోట వందసార్లు విన్నాను. రెండు జంటగా, మూడోది ఒక ఊపిరి ఆగి. అట్లానే కొట్టి చూద్దాం, ఆయన కిందికి వచ్చిన తర్వాత ముఖం ఎట్లా ఉంటుందో చూద్దాం అనుకున్నాను. ఆమెలాగా తలమీద కొంగు కూడా కప్పుకున్నాను. మనసంతా ఆ మూడో దెబ్బ మీదే పెట్టి కొట్టాను. టంగ్ టంగ్, ఆగి, టంగ్. బాగా కుదిరింది.

కొట్టిన తర్వాత తల ఎత్తి చూశాను. చూసి కొట్టాల్సినదాన్ని కొట్టి చూశాను.

బాట మీద బండి ఉంది. సరిగ్గా పట్టాల దగ్గర. కుడిచక్రం గుడిసెవైపు పట్టాకూ, బాటకు పరిచిన చెక్కకూ మధ్య సందులో దిగబడింది. ఎద్దులు మోకాళ్లు మోపుతున్నాయి. బండిలో నలుగురు ఆడవాళ్లు, ఒకామె ఒళ్లో చంటిబిడ్డ, వాళ్ల మధ్య మా అత్త. వేంపల్లె నుంచి తిరిగి వచ్చే బండి అది.

ఆగమని ఒక దెబ్బ కొట్టాలి. సుత్తి ఎత్తి బలంగా వేశాను. చేతిలో పిడి మాత్రమే మిగిలింది. తల ఊడి ఎగిరి కంచెలో ఎక్కడో పడింది. పట్టాకు తగల్లేదు. పిడితో కొట్టాను. కొయ్య శబ్దం నాకే సరిగా వినపడలేదు. రాయి కోసం చూసే తెలివి లేదు నాకు. బండి దగ్గరికి పరుగెత్తి, దిగండి దిగండి అని అరిచాను. వాళ్లకు సగం మాట అర్థమైంది. బిడ్డను ముందు నేను అందుకున్నాను. బండివాడు ఎద్దుల పలుపులు విప్పాడు. మా అత్త చీర చక్రంలో చిక్కుకుని దిగలేకపోయింది.

ట్రాలీ మూడు దెబ్బలకు కదిలితే, మలుపు దాటి మా దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు. ఆకు వక్క వేసుకున్నంత సేపు. ఆ సేపు అయింది. దానికి రెండింతలు అయింది. పట్టాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

ట్రాలీ రాలేదు. మా ఆయన నడుచుకుంటూ వచ్చాడు.

బండిని చూశాడు, వాళ్ల అమ్మను చూశాడు. బాట పక్కన కూర్చుండిపోయాడు. తేరుకున్న తర్వాత నా వైపు తిరిగాడు.

“మూడు కొట్టినాక మళ్లా ఒకటి కొట్టి గీకితివి గదా. గీకకపోతే వదిలేస్తాంటి.”

నేను ఆ దెబ్బ కొట్టలేదు. నా సుత్తికి తల లేదు. పిడి నా చేతిలోనే ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో మా అత్త నా మెడ వైపు చూసి, “బిళ్ల యాడమ్మే?” అంది. ఆమె చూపు వంక వైపు పోయింది. ఆమె నోట ఇప్పుడు ఏ పేరు వస్తుందో నాకు తెలుసు. ఆ పేరు రాకముందే నేను అనేశాను.

“నేనే కొట్టినా. గీకినా. కొట్టినాకనే సుత్తి ఊడింది.”

“శానా మంచిపని జేస్తివి” అన్నాడు మా ఆయన. నా చేయి పట్టుకున్నాడు. అంతమందిలో.

ఎన్నేళ్లుగానో నేను ఎదురుచూసిన మెచ్చుకోలు అది. అది నాది కాదు. ఆ చేయి పట్టుకున్నంతసేపూ, ఈ చేయి కాదు ఆయన పట్టుకోవాల్సింది అని నాకు తెలుసు. కృతజ్ఞత పుట్టాలి కదా అప్పుడు? నిజం చెబుతున్నాను, కుళ్లే పుట్టింది.

సాయంత్రం ఎవరూ లేనప్పుడు పోయి చూశాను. వంకవైపు పట్టా పక్కన ఆమె సొట్ట ఉంది. అంతకు ముందు అది తుప్పు పట్టి ఎర్రగా ఉండేది. ఆ రోజు లోపల తెల్లగా మెరుస్తోంది. దాని నుంచి జానెడు పొడవున తుప్పు లేచిపోయి గీత పడి ఉంది. వేలితో తడిమాను. వేలికి ఎర్రటి పొడి అంటింది. ఆరిన పొడి, అప్పుడే రాలినట్లుంది.

బండి చక్రం ఇనుపకమ్మీ తగిలి ఉండవచ్చు అని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మా నాన్న కూతుర్ని కదా. కానీ బండి గుడిసెవైపు పట్టా దగ్గరే దిగబడింది, వంకవైపు పట్టా దాకా రానే లేదు. ఆ సొట్ట బాటకు పన్నెండు అడుగులు పైన ఉంది. రోజంతా అటు ఎవరూ పోలేదు. ఎండకు ఇనుము సాగి శబ్దం చేస్తుందని కూడా విన్నాను. శబ్దం చేస్తుందేమో, గీత గీస్తుందా? పాత సుత్తి కోసం వంకలో ఇసుకంతా వెతికాను. దొరకలేదు. వాన నీళ్లకు కొట్టుకుపోయి ఉంటుంది.

రాయి కింద బిళ్ల పెట్టినచోటే ఉంది. తీసి మళ్లీ కట్టుకున్నాను. దారం తెగిందని మా అత్తకు చెప్పాను. ఆమె నమ్మిందో లేదో, మళ్లీ అడగలేదు. ఆ తర్వాత నేను మూడు దెబ్బలు నా పద్ధతిలోనే కొట్టాను, ముందు చూసి.

మరి కొన్నేళ్లకు లారీలు కూపు దాకా రావడం మొదలైంది. అడవిలో మాను కొట్టడానికి కట్టుబాట్లూ పెరిగాయి. ఫ్యాక్టరీ ప్రొద్దుటూరికి మారింది. పట్టాలు పీకి పాత ఇనుము కింద తీసుకుపోయారు. ఒక తుండు పక్క పల్లె బడిలో గంటగా వేలాడదీశారు. అది ఏ వైపు పట్టాదో నేను అడగలేదు. మేము వేంపల్లెలో చిన్న ఇల్లు చూసుకుని, మా ఆయన కోత మిషనులో పనికి కుదిరాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆయన నన్ను బాగానే చూసుకున్నాడు. ఎవరైనా ఇంటికి వస్తే, మా ఆడది గీకకపోయి ఉంటే నలుగురి ప్రాణాలు పోయేవని చెప్పేవాడు. నేను కాఫీ నీళ్ల వంకతో లోపలికి పోయేదాన్ని.

ఆయన పోయిన నెలకు మస్తాన్ మామ పలకరించడానికి వచ్చాడు. బాగా ముసలివాడు అయ్యాడు. చాలాసేపు పాత సంగతులు మాట్లాడి, ఆ బండి రోజు గుర్తు చేశాడు. మామా, ఆ రోజు నా దెబ్బ మీకూ వినపడిందా అని అడిగాను. అన్నేళ్లలో ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.

“నాకు యాడ వినపడ్తాది అమ్మీ. చెవి పెట్టేది వాడు గదా. నీ మూడు దెబ్బలు విన్న్యాడు. లేసినాడు. అడ్డుకొయ్య మీద చెయ్యేసినాడు. మళ్లా ఆ పక్క పట్టాకు పోయి చెవి పెట్టినాడు. పెట్టంగనే మొగం తెల్లగయి పాయ.”

“ఆ పక్క పట్టా అంటే?”

“వంకవైపుది. దినామూ అంతే గదా వాడు. నీ పట్టాకు ఒకసారి, ఆ పట్టాకు ఒకసారి. ఎందుకురా అంటే, ఊరికే మామా అంటాండె. నువ్వు వచ్చినప్పట్నుంచి పట్టాలు పీకేదాకా, ఒక్క దినం తప్పల్యా.”

మస్తాన్ మామకు కాఫీ ఇచ్చి పంపించాను.

నేను వంకవైపు పట్టా మీద ఒక్కసారీ కొట్టలేదు. అది మా ఆయనకు తెలుసు. కాబట్టి నాది అబద్ధమని ఆ రోజే ఆయనకు తెలుసు. తెలిసీ నా చేయి పట్టుకున్నాడు. తెలిసీ వచ్చినవాళ్లందరికీ నా గొప్ప చెప్పాడు.

తాళితో పాటు బిళ్లనూ తీసేశారు. రెండూ ఒకే గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టాను. ఆమె పసుపు కుంకుమలతో పోయింది, నేను ఇట్లా మిగిలాను. అందులోనూ ఆమెదే పైచేయి.

ఆ దెబ్బ ఎవరు కొట్టారో, ఆ గీత ఎట్లా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమని అనను. కాదని వాదించే బలమూ లేదు. మా నాన్న బతికి ఉంటే ఏదో ఒక కారణం చెప్పేవాడేమో. కానీ మా ఆయన దినామూ వంగి వంకవైపు పట్టాకు ఎందుకు చెవి పెట్టేవాడో, దానికి మాత్రం ఎవరూ నాకు కారణం చెప్పనక్కర్లేదు. నలుగురి ప్రాణాలు నిలబెట్టింది అదే. నేను క్షమించలేనిదీ అదే.